కొత్తగుడ్డ లెక్క

డిసెంబరు వస్తే మా పల్లెలో పాటకంటే ముందు లెక్క మొదలవుద్ది. ఎంతమందికి కొత్తగుడ్డలు, ఎన్ని కూలిదినాలు, ఎవరి దగ్గర అప్పు.

మాది ఒంగోలు పక్క మాదిగపల్లె. 1876-78 కరువులో జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకి పని చూపించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 'ముద్దకోసం కలిశారు' అని ఇప్పటికీ ఎకసెక్కం చేసేవాళ్లున్నారు. కరువు పనులు నడిచినన్నాళ్లూ ఆ దొర బాప్తిస్మాలు ఆపేశాడన్న సంగతి మాత్రం చెప్పరు.

అప్పట్నించీ క్రిస్మస్ అంటే మాకు కొత్తగుడ్డ. ఎందుకంటే మిగిలిన ఏడాదంతా మా ఒంటిమీద ఉన్నది కామందు ఇంటి పాతబట్టలే. ఐదో తరగతిలో నా పక్క వరసలో కూచున్న పిల్లోడు అందరిముందూ నా చొక్కా పట్టుకుని "ఇది నాది. ఇదిగో సిరా మరక" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. పంతులూ నవ్వాడు. ఏడాదికి ఒక్క క్రిస్మస్ చొక్కానే ఎవడూ నాది అనలేనిది. దానికోసం అమ్మ పత్తితీతకి నెలముందే ఒప్పుకుని బట్టలకొట్లో వాయిదా పెట్టేది.

ఇప్పుడు నాకు సర్కారు జీతం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిమనిషిని. జీతగాడంటే అందరికీ ఆశే. ఇంటద్దె, తమ్ముడి ఫీజు, అప్పు వాయిదా పోను క్రిస్మస్‌కి ఐదువేలు మిగిలితే గొప్ప. తొమ్మిదిమందికి సర్దాలి. అందుకని ఏడాదంతా వాళ్ల మాటలు విని ఒక పుస్తకంలో రాసుకుంటా. దసరా తర్వాత నెలకి ఇద్దరు ముగ్గురివి కొంటా. ఒక్కసారే కొనబోతే అప్పుకే పోవాలి.

పిన్నమ్మ చేలోకి పోతే నీళ్లు పైనుంచి పోస్తారని చెప్పింది. ఆమెకి మూతగట్టి స్టీలు సీసా కొన్నా. సొంతనీళ్లు తాగుద్ది, ఎవరిముందూ దోసిలి పట్టదు. ఎనిమిదిలో ఉన్న మేనకోడలికి చార్జింగు లైటు. కరెంటు పోయినా లెక్కలు ఆగవు. మామకి కొత్త తువ్వాలు. భుజానిది తీసి చంకలో పెట్టుకునే అలవాటు ఆయనకింకా పోలేదు.

అమ్మకి చెప్పులు. మా తాత ఊరందరికీ చెప్పులు కుట్టాడు. తన చెప్పులు మాత్రం ఊరి మొగదల విప్పి చేతబట్టుకున్నాడు.

"నాకెందుకయ్యా ఇయ్యి? చేలోకే గదా నేను పోయేది."

"చేలోకి కాదమ్మా. ఏసుకుని ఊళ్లోంచి నడిచి గుడికి పో."

అమ్మ ఏం మాట్లాడలేదు. రెండురోజులు ఇంట్లోనే వేసుకుని తిరిగింది.

నక్షత్రం మేమే కట్టుకుంటాం. వెదురుబద్దలు, రంగుకాగితం, మైదాజిగురు, లోపల చిన్న బల్బు. ఓసారి నా అద్దెగది ముందు కట్టాను. మర్నాడు తోటి ఉపాధ్యాయుడొకడు "మీది ఎస్సీ సర్టిఫికెట్టు గదా, ఈ స్టారేంది మాస్టారూ?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు వెనక 1950 రాష్ట్రపతి ఉత్తర్వుంది. అది హిందువుల్నే ఎస్సీలంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుణ్ణంటే మాత్రం మన రాష్ట్రంలో బీసీ-సి. బాప్తిస్మం నీళ్లకి అంటరానితనం కొట్టుకుపోయిందా? పోతే పిన్నమ్మకి నీళ్లు పైనుంచి ఎందుకు పోస్తున్నారు? అరవై రూపాయల కాగితపు నక్షత్రం కట్టడానిక్కూడా మాకు గుండె కావాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, చదువుకుని ఉద్యోగాల్లోకి పోతున్న మీతో ఒక మాట. క్రిస్మస్‌కి పల్లెకొచ్చేటప్పుడు మనవాళ్లు కొందరు తాము కట్టి విడిచిన బట్టలు మూటగట్టి తెస్తున్నారు. అన్నదమ్ముల పిల్లలకి పంచుతున్నారు. ప్రేమతోనే తెస్తున్నారు. కానీ మర్నాడు ఏ పిల్లోడో "ఇది మా నాన్న చొక్కా" అంటాడు. కామందు వాకిలి దాటొచ్చి మనమే మన పల్లెలో ఇంకో వాకిలి కట్టొద్దు. పాతవి ఇవ్వాలంటే పుస్తకాలివ్వండి. పుస్తకం ఎన్ని చేతులు మారినా ఎవరికీ చిన్నతనం కాదు. గుడ్డ మాత్రం కొత్తదే పెట్టండి. డబ్బు చాలకపోతే జేబురుమాలైనా సరే.