ప్రాస దాచిన మాట: సామెత, చీనా జాతీయం

అమీర్‌పేట మైత్రీవనం పరిసరాల వసతిగృహాల్లో కోస్తా, రాయలసీమ, తెలంగాణ యువత ఒకే పంక్తిలో భోజనం చేస్తుంది. ‘అత్త మీద కోపం దుత్త మీద’ అన్న సామెత అక్కడ నేటికీ వినిపిస్తుంది. దుత్త అంటే చిన్న కుండ అని చెప్పగలిగినవారు మాత్రం నా తోటివారిలో అరుదు. వంటింటినుంచి తొలగిన మాట నోట ఎలా నిలిచింది? పరిశోధక విద్యార్థిగా నన్ను వెంటాడుతున్న ప్రశ్న ఇది.

సమాధానం ప్రాసలో ఉన్నది. అత్త, దుత్త అన్న రెండింటా ద్వితీయాక్షరం ద్విత్వతకారమే. తొలి అక్షరాలు రెండూ గురువులే. పద్యపాదాలకు లాక్షణికులు చెప్పిన నియమాన్ని జనవాక్కు సహజంగా పాటించింది. దుత్తకు బదులు కుండ అంటే అర్థం చెడదు, సామెత చెడుతుంది. ‘ఆడలేక మద్దెల ఓడు’లో బీటవారినదనే అర్థంగల ‘ఓడు’ను కాపాడుతున్నదీ ప్రాసస్థానంలోని డకారమే.

చీనా జాతీయాలైన ఛంగ్‌యూలు అధికభాగం నాలుగక్షరాలవి. క్రీ.పూ. 3వ శతాబ్దపు ‘ల్యూషి చున్‌ఛియౌ’ గ్రంథంలో ఒక కథ ఉన్నది. చూ దేశీయుడొకడు నది దాటుతూ కత్తి జారవిడుచుకొని, అది పడినచోట పడవ అంచుకు గంటు పెడతాడు. పడవ ఆగాక ఆ గంటు కింద వెదుకుతాడు. ఆ కథ ‘ఖ జౌ ఛియౌ జియెన్’ అని నాలుగక్షరాల్లో ఒదిగింది. నేటి సంభాషణలో పడవను ‘ఛ్వాన్’ అంటారు. జాతీయంలో ప్రాచీనమైన ‘జౌ’ మిగిలింది. ‘ఛ్వాన్’ కూడా ఏకాక్షరమే గనుక సంఖ్య ఒక్కటే కారణం కాదు. నేటి ఉచ్చారణలో జౌ, ఛియౌల అంత్యధ్వని కలుస్తుంది. ‘ఛ్వాన్’ చేరితే ఆ కలయిక పోతుంది. అయితే ఛంగ్‌యూలన్నింటా ఇటువంటి ప్రాస ఉండదు. అక్కడ స్థిరరూపమే ప్రధానం, ప్రాస తోడు మాత్రమే.

పంజాగుట్టలోని నా గదిలో ఈ జాతీయాన్ని తెనిగించబోయాను. ‘పడవకు గుర్తు పెట్టి కత్తి వెదకినట్లు’ అంటే భావం వచ్చింది, సామెత రాలేదు. ‘ఓడకు గంటు పెట్టి వాడికత్తి వెదకినట్లు’ అన్నాక నాలుకకు పట్టు దొరికింది. అయితే నది దాటే పడవ ఓడ అయింది. మూలంలో లేని ‘వాడి’ వచ్చి చేరింది. ప్రాస మాటను కాపాడడమే కాదు, మాటను కోరుతుంది కూడా. పద్యకవులకు ఇది నిత్యానుభవం, అనువాదకునికి హెచ్చరిక.

ప్రాసకు మరొక పరిమితి ఉన్నది. అది ధ్వనిని నిలుపుతుంది, అర్థాన్ని నిలపదు. ‘ఓడు’ను ఓడిపోవడంగా పొరబడడం కద్దు. 1868లో కార్ దొర ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’ నాటినుంచి మన సంకలనాలు సామెతలను భద్రపరుస్తూనే ఉన్నాయి. ఇకపై ప్రతి సామెత పక్కన దాని ప్రాసస్థానాన్నీ, ఆ స్థానంలో ఆగిపోయిన పాతమాటనూ గుర్తించడం అవసరం. అట్లా చేస్తే సామెతల సంపుటి పదకోశం కూడా అవుతుంది. దుత్త అంటే ఏమిటో తెలిసినవారు ఉండగానే ఆ పని జరగాలి.