స్కేట్లకీ బెల్ కర్వ్ కీ ఏమిటి సంబంధం?

మా గోదావరి జిల్లాల్లో ఐస్ అంటే రొయ్యల ఐసే. భీమవరం, నరసాపురం వైపు ఫ్యాక్టరీల్లో దిమ్మలుగా తయారై, పొడి కొట్టించుకుని, లారీలెక్కి వెళ్ళిపోతుంది. దానిమీద డాన్సు చేసి పతకాలు కొడతారంటే మావాళ్ళకి నవ్వొస్తుంది. అయినా ఈ ఫిగర్ స్కేటింగ్ గురించి రాయాలనిపించింది. కారణం ఆట కాదు, అందులో మార్కులు వేసే పద్ధతి. మనం ఏటా అప్రైజల్ టైములో మొత్తుకునే గొడవే అక్కడా జరిగింది. తేడా ఏంటంటే, వాళ్ళు దాన్ని బాగుచేసుకునే ప్రయత్నం చేశారు.

ఎడ్ల పందెంలో ఏ జత ముందొచ్చిందో అందరికీ కనిపిస్తుంది. పరిషత్తు నాటకాల పోటీ అలా కాదు. ఫలితాలు చెప్పాక పాలకొల్లులోనైనా, రాజమండ్రిలోనైనా టీ కొట్టు దగ్గర తెల్లారేదాకా వాదనే! స్కేటింగ్ ఈ రెండో జాతిది. మన ఉద్యోగాలూ అంతే.

పూర్వం స్కేటింగ్ లో ఆరు మార్కుల పద్ధతి ఉండేది. 5.8, 5.9 అని బోర్డు మీద కనిపించేవి కానీ, ఆ అంకెలకి సొంత విలువ లేదు. ఎవరు ఎవరికన్నా పైన అన్నదే లెక్క. అంటే పక్కా బెల్ కర్వ్ అన్నమాట. మొదట్లో వచ్చినవాళ్ళకి జడ్జీలు మార్కులు తగ్గించి వేసేవారు, తర్వాత వచ్చేవాళ్ళకి పైన చోటుండాలి కదా!

దీని ఫలితం 1995లో బర్మింగ్‌హామ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ లో తేటతెల్లమైంది. మహిళల విభాగంలో చెన్ లూ మొదటి స్థానం, అమెరికా అమ్మాయి నికోల్ బోబెక్ రెండు, ఫ్రాన్స్ అమ్మాయి సుర్యా బొనాలీ మూడు. ఆ ఇద్దరి ప్రదర్శనలూ అయిపోయాయి. అప్పుడు పద్నాలుగేళ్ళ మిషెల్ క్వాన్ వచ్చి చాలా బాగా చేసింది. ఆమెకి నాలుగో స్థానమే దక్కింది. కానీ ఆమె రావడంతో బొనాలీ రెండోస్థానానికి ఎక్కింది, బోబెక్ మూడుకి దిగింది! ఇద్దరూ కూర్చుని చూస్తున్నారంతే, మళ్ళీ మంచు మీద కాలు పెట్టలేదు. మూడో మనిషి బాగా చేస్తే ఈ ఇద్దరి వరస తారుమారైంది.

ఇది చదువుతుంటే ఎక్కడో చూసినట్టు లేదూ? నేను పనిచేసిన ఒక కంపెనీలో మార్చిలో వేరే టీమ్ నుంచి ఒకతను మాకు బదిలీ అయ్యాడు. పనిమంతుడే. కానీ కర్వ్ లో అతన్ని ఇరికించేసరికి, ఏడాదంతా రాత్రిళ్ళు ప్రొడక్షన్ సపోర్టు చూసిన అమ్మాయి కింది గడిలోకి జారింది. ఆమె పని ఒక్క వీసం కూడా తగ్గలేదు. ఆ ఏడు ఇంక్రిమెంటు మాత్రం తగ్గింది.

2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్ లో జంటల పోటీ ఫలితం మీద పెద్ద రభస అయింది. తన మీద ఒత్తిడి వచ్చిందని ఫ్రెంచి జడ్జి చెప్పడం, కెనడా జంటకి రెండో స్వర్ణం ఇవ్వడం అందరికీ తెలిసిందే. దాంతో 2004లో అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య పద్ధతి మార్చేసింది. ప్రతి గంతుకీ ముందే ధర కట్టారు. ట్రిపుల్ ఆక్సెల్ కి ఇప్పుడు 8 పాయింట్లు, క్వాడ్ ఆక్సెల్ కి 12.5. ఎంత బాగా చేశారన్న దాన్నిబట్టి -5 నుంచి +5 దాకా గ్రేడు. జడ్జీలు వేసిన వాటిలో అన్నిటికన్నా ఎక్కువా, అన్నిటికన్నా తక్కువా తీసేసి సగటు కడతారు. పక్కవాడు ఎలా చేసినా మీ స్కోరు మారదు.

అయితే మొదట్లో ఒక తిరకాసు పెట్టారు. జడ్జీల మీద ఒత్తిడి లేకుండా ఎవరు ఎంత వేశారో దాచిపెట్టారు. మన 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ లాగా. ముసుగు ఒత్తిడిని తగ్గించిందో లేదో గానీ, అనుమానాలు పెంచింది. చివరికి 2016లో ఆ ముసుగు తీసేశారు. ఇప్పుడూ గొడవలు లేవని కాదు, అందం, కూర్పు లాంటివాటికి వేసే మార్కులు ఎప్పటికీ మనిషి చూపే. కానీ ఎక్కడ పోయిందో కాగితం మీద చూసుకోవచ్చు.

మనవాళ్ళ సంగతికొస్తే, ఇవే గంతులు చక్రాల స్కేట్ల మీద వేసిన హైదరాబాదీ అనూప్ కుమార్ యామ ఉన్నాడు. 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సింగిల్స్ లో ఒకటి, అవనీ పంచాల్ తో జంటగా ఒకటి, రెండు కాంస్యాలు. 2015లో అర్జున అవార్డు. కానీ 2014 క్రీడల్లో రోలర్ స్కేటింగే లేదు. 2018లో ఉన్నా ఆర్టిస్టిక్ లేదు. ఎంత మంచి స్కోరింగైనా, పోటీయే పెట్టకపోతే ఏం చేస్తాడు? మనకీ అంతే. ప్రమోషన్ ఖాళీలే లేనప్పుడు రేటింగు ఎంతొచ్చి ఏం లాభం?

మైక్రోసాఫ్ట్ 2013లోనే ఈ ర్యాంకుల పద్ధతిని వదిలేసింది. వదలనివాళ్ళు ఇంకా బోలెడు. నేననేది ఒకటే. ఏ పనికి ఎంత విలువో ఏడాది మొదట్లో చెప్పండి, రేటింగు వేసినవాడు కింద పేరు రాయండి, నా పక్కవాడు బాగా చేశాడని నా మార్కులు కోయకండి. జారిపడితే ఎలాగూ ఒక పాయింటు పోతుంది. పడనివాడికి ఎందుకు పోవాలి?