డబ్బా నోరు విప్పేదాకా

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కుతుంటే ల్యాప్‌టాప్ కావాలా, సీసీ కెమెరా కావాలా అని అడిగేవాళ్లు అడుగడుగునా తగులుతారు. వాళ్లను దాటి పైకి వెళితే గోల కాస్త తగ్గుతుంది. నేను వెళ్లింది అక్కడి ఓ చిన్న కొట్టుకు. నాలుగు హార్డ్ డిస్కులు పట్టే, ఆఫీసు నెట్‌వర్క్‌కు తగిలించే నాస్ బాక్సులు అమ్ముతారు. పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలు, ఆడిటర్ ఆఫీసులు, స్కానింగ్ సెంటర్లు కొంటాయి. అమ్మకం సంగతి నాకు అక్కర్లేదు. డబ్బాను అప్పగించే ముందు ఈ కొట్టాయన చేసే తతంగం చూద్దామని వెళ్లాను.

బల్ల మీద కొత్త డబ్బా ఆన్‌లో ఉంది. పక్కన ఆడిటర్ ఆఫీసు నుంచి వచ్చిన గుమస్తా, చేతిలో ఫోను.

“ఇప్పుడు డిస్క్ గుంజుత. మీ ఫోన్ మోగాలె. మోగకపోతే డబ్బా ఈడనే ఉంటది” అన్నాడు కొట్టాయన.

కొట్లో పనిచేసే కుర్రాడు రెండో డిస్కును బయటికి లాగాడు. డబ్బా కీచుమంది. ఆ కీచు ఆగకుండానే గుమస్తా ఫోన్‌కు మెయిల్ వచ్చింది: వాల్యూమ్ దెబ్బతింది, రెండో డిస్క్ కనబడటం లేదు. టెస్ట్ మెయిల్ బటన్ నొక్కి చూస్తే సరిపోదా అని అడిగాను. ఆ బటన్‌తో తేలేది మెయిల్ పోయే దారి ఉందనే. డిస్క్ పోయినప్పుడు ఆ దారి పట్టమని డబ్బాకు ఎవరైనా చెప్పారా లేదా అన్నది వేరే సంగతి. అందుకే లాగి చూస్తాడు, అదీ డేటా ఎక్కించక ముందే. కస్టమర్ ఫైళ్లు ఎక్కాక ఈ ఆట ఆడడు.

ఇంత పట్టుదల ఎందుకో రెయిడ్ 5 తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పత్రంతో పేరుకెక్కిన పద్ధతుల్లో ఇదొకటి. ఒక డిస్క్ పోయినా పని ఆగదు, ఫైళ్లు ఎప్పటిలాగే తెరుచుకుంటాయి. ప్రమాదమూ అందులోనే ఉంది. ఏమీ ఆగలేదు కాబట్టి ఏదో పోయిందని ఎవరికీ తెలియదు. రెండోదీ పోయిన రోజున తెలుస్తుంది, అప్పటికి చేయగలిగింది ఉండదు. తెలిసి కొత్త డిస్క్ పెట్టినా, 8 టెరాబైట్ల దాన్ని సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున ఆగకుండా నింపినా 11 గంటలు దాటుతుంది. ఆ గంటలన్నీ మిగతా డిస్కుల మీద భారమే.

డిస్క్ ముందే చెబుతుంది కదా, తన ఆరోగ్యం గురించి అది రాసుకునే స్మార్ట్ లెక్కలు ఉన్నాయి కదా అంటారు కొందరు. కొంతవరకే నిజం. 2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలిస్తే, చెడిపోయినవాటిలో సగానికి పైగా నాలుగు ముఖ్య సంకేతాల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి.

ఇక కీచు. చాలా ఆఫీసుల్లో డబ్బా మెట్ల కింది గదిలో, యూపీఎస్ పక్కన, తాళం వెనక ఉంటుంది. ఒకవేళ వినబడినా విన్నవాడు చేసే మొదటి పని దాని నోరు మూయించడం.

కాబట్టి మెయిలే దిక్కు. అది కనిపించినంత సులువు కాదని ఈ బల్ల దగ్గర కూర్చుంటే తెలిసింది. ఫిక్స్‌డ్ ఐపీ ఇచ్చి డీఎన్ఎస్ గడి ఖాళీగా వదిలేస్తే ఆఫీసులో ఫైళ్లన్నీ తెరుచుకుంటాయి, మెయిల్ మాత్రం గడప దాటదు. మెయిల్ సర్వర్ ఎక్కడుందో డబ్బాకు తెలియదు మరి. గడియారం తప్పుగా ఉంటే సర్టిఫికెట్ చెల్లదని కనెక్షన్ తెగిపోతుంది. పోర్ట్ 25ను చాలా ఇంటర్నెట్ కంపెనీలు మూసే ఉంచుతాయి, 587 పెట్టుకోవాలి. ఇవన్నీ మొదటి రోజే బయటపడే తప్పులు. అసలు చిక్కు తర్వాతెప్పుడో వస్తుంది. 2022 మే 30 నుంచి జీమెయిల్ ఇలాంటి పరికరాలను మామూలు పాస్‌వర్డ్‌తో రానివ్వడం మానేసింది. రెండంచెల తనిఖీ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసి డబ్బాకు ఇవ్వాలి. కొన్నాళ్లకు యజమాని జాగ్రత్తపరుడై తన జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చుకుంటాడు. యాప్ పాస్‌వర్డ్ దానంతటదే రద్దవుతుంది. డబ్బా అరుస్తూనే ఉంటుంది, ఎవరికీ వినపడదు. అందుకే ఈయన అలర్టుల కోసమే ఒక ఖాతా తెరిపిస్తాడు, అది ఇంకెవరి చేతికీ పోకూడదంటాడు.

ఎస్ఎంఎస్ ఎందుకు వద్దని అడిగితే నవ్వాడు. ట్రాయ్ నిబంధనల ప్రకారం కంపెనీ పేరూ, సందేశం నమూనా డీఎల్‌టీ అనే రిజిస్ట్రీలో నమోదు చేయించాలి. నలుగురు పనిచేసే ఆఫీసు అంత ఓపిక పడదు. టెలిగ్రామ్ బాట్‌తో చాలామంది సరిపెట్టుకుంటున్నారు.

పెద్ద చోట్ల కథ వేరు. రిజర్వేషన్ల కోసం రైల్వేల సొంత సంస్థ క్రిస్ తయారుచేసిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ మొట్టమొదట నడిచింది ఈ ఊళ్లోనే, 1994 సెప్టెంబరులో. ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై కేంద్రాలన్నీ దానితో ఒకే వలలోకి వచ్చేసరికి 1999 ఏప్రిల్ అయింది. ఆ స్థాయి కేంద్రాల్లో తెర ముందు రాత్రింబవళ్లు మనుషులుంటారు, పరికరాలు ఎస్ఎన్ఎంపీ అనే పద్ధతిలో కబురు పంపుతాయి. అందులో ట్రాప్ అనేది యూడీపీ 162 పోర్టుకు పోయే మామూలు ఉత్తరం, చేరిందో లేదో పంపినవాడికి తెలియదు. ఇన్‌ఫామ్ అయితే రసీదు అడిగే రిజిస్టర్డ్ పోస్టు. చాలామంది ట్రాప్ పెట్టి నిశ్చింతగా ఉండటం నాకు వింతగానే ఉంటుంది.

ఇక్కడ కొట్లో గుమస్తా అలర్టుల గడులన్నిట్లోనూ టిక్కు పెట్టమన్నాడు: ఎవరు లాగిన్ అయినా, బ్యాకప్ ముగిసినా చెప్పాలట. కొట్టాయన సగం తీసేశాడు. “రోజుకు ఇరవై వస్తే ఇరవై ఒకటోది చదువుతవా?” డిస్క్, వేడి, యూపీఎస్, బ్యాకప్ ఫెయిలవడం, జాగా 80 శాతం దాటడం ఉంచాడు. మెయిల్ ఇద్దరికి పోవాలన్నాడు, అందులో ఒకరు యజమాని. గుమస్తా ఆ రెండో చిరునామా ఇవ్వడానికి కొంచెం నసిగాడు, చివరికి ఇచ్చాడు.

ఇవన్నీ అయ్యాక ఇంకొకటి పెట్టాడు. రోజూ పొద్దున తొమ్మిదింటికి ‘బాగున్న’ అని డబ్బా ఒక మెయిల్ పంపాలి, అది కొట్టు ఖాతాకు వస్తుంది. మౌనం అర్ధాంగీకారం అనేది ఇక్కడ నడవదు. కరెంటు లేని డబ్బా, నెట్ తెగిన డబ్బా, చచ్చిపోయిన డబ్బా అన్నీ ఒకేలా మౌనంగా ఉంటాయి.

ఆ రోజు వచ్చిన ‘బాగున్న’ మెయిళ్లలో ఒక స్టూడియోది లేదు. ఫోన్ చేశాడు. అవతలివాళ్లు అంతా బాగానే ఉందన్నారు. “పోయి చూడు తమ్మీ, నేను లైన్‌ల ఉంట” అన్నాడు. ఏసీ మెకానిక్ డబ్బా ప్లగ్గు తీసి తన డ్రిల్లు పెట్టుకుని పోయాడట, ఎవరూ తిరిగి పెట్టలేదు. పెట్టించాడు. నాలుగు లైట్లూ పచ్చగా వెలిగాయా అని అడిగి, మెయిల్ ఇటు వచ్చేదాకా ఫోన్ చెవి మీంచి తీయలేదు. ఈలోగా గుమస్తా బిల్లులో వంద తగ్గించమని బేరం మొదలుపెట్టాడు.