మాయెబూర్ తీరాన

మా యానాం పక్కనే కోరంగి. ఆ రేవు మూతపడి ఎంతో కాలమైంది గాని, మారిషస్ దీవిలో దాని పేరు ఇంకా మాసిపోలేదు. 19వ శతాబ్దంలో చెరకు తోటల కూలికని ఓడలెక్కి వెళ్లిన తెలుగువారిని అక్కడ కోరంగివాళ్లనే పిలిచేవారట. ఆ దీవి చూడాలని గుమాస్తా పనిలో చేరిన నాటినుంచీ నాకు కోరిక. నెలనెలా కొంత దాచుకోగా ఇన్నేళ్లకు, ఉగాది ముందర, తీరింది. ఉగాదికి అక్కడ సర్కారు సెలవు!

మాకు బస యిచ్చిన పెద్దాయన బడిపంతులుగా చేసి విరమించారు. ఆయన తెలుగు పొడిపొడి. నా ఫ్రెంచి మా తాతగారి దగ్గర పట్టుబడిన నాలుగు ముక్కలు. రెండూ కలిపి కబుర్లు సాగించాము.

ఒక ఉదయం ఆయన మమ్మల్ని మాయెబూర్ తీరానికి తీసుకెళ్లారు. ఒడ్డు దగ్గర నీళ్లు పలచని పచ్చ, లోపలికి పోనుపోను నీలం. దూరాన పగడపు దిబ్బల మీద నురుగు తెల్లని గీతలా కనిపిస్తుంది.

"అక్కడే, అబ్బాయీ, ఓడ ఎక్కేసింది" అన్నారు పెద్దాయన.

2020 జూలై 25న వకాషియో అనే జపానువారి ఓడ పాయింట్ డెస్నీ వద్ద దిబ్బకు తగులుకొంది. పొడవు సుమారు 300 మీటర్లు. అది మారిషస్‌కు వస్తున్నదీ కాదు; బ్రెజిల్‌కు పోతున్నది. ఆగస్టు 6న దాని ఇంధనం కారసాగింది. సుమారు 1,000 టన్నుల నల్లని నూనె సముద్రం పాలయింది. సుమారు 3,000 టన్నులు పంపులతో తోడివేయగలిగారు. 15న ఓడ రెండు ముక్కలైంది.

కరోనా రోజులు. అయినా జనం ఆగలేదు. గుడ్డ సంచుల్లో ఎండిన చెరకు ఆకు కూరి, ఖాళీ సీసాలు కట్టి, నూనెకు అడ్డంగా నీటిమీద తేల్చారు. వెంట్రుకలు నూనెను పట్టుకొంటాయని ఆడవాళ్లు జుట్టు కత్తిరించి ఇచ్చారు.

ఫ్రాన్సు పక్కనున్న రెయూనియన్ దీవినుంచి విమానంలో సామగ్రి పంపింది. జపాను నిపుణులను పంపింది. మన దేశం 30 టన్నుల పరికరాలతో 10 మంది తీరరక్షక దళంవారిని పంపింది. ఆ మాట వినగానే నా ఛాతీ ఉప్పొంగింది. పెద్దాయన నవ్వి, "మీవాళ్ల మేలు మరవం. కాని వాళ్లొచ్చే సరికి నూనె ఒడ్డుకు చేరిపోయింది. మొదటి రోజుల్లో ఉన్నవి మా చేతులే" అన్నారు.

నాకు 1996 నవంబరు తుపాను గుర్తుకొచ్చింది. అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. ఇంటి కప్పు పోయింది. సాయం వచ్చింది; కాని ముందుగా మాకు గంజి పోసినది పక్కింటి పిన్నిగారు. సర్కారు సాయం ఒకటి, దగ్గరితనం ఒకటి. రెండూ కావాలి.

చిన్న దీవులవారు ఈ సంగతి ఎరిగే 1990లో ఒక కూటమి కట్టుకొన్నారు. 2005 జనవరిలో ఐక్యరాజ్యసమితి వీరి కష్టాలపై పోర్ట్ లూయీలోనే సభ జరిపింది. 2021లో గ్లాస్గో సభలో మన దేశం, ఆస్ట్రేలియా, బ్రిటను, ఫిజీ, జమైకా, మారిషస్ కలిసి ఒక పథకం ఆరంభించాయి. దీవుల్లోని కట్టడాలు తుపానులకు, ఉప్పెనలకు తట్టుకొనేలా ముందే చూడాలన్నది దాని ఉద్దేశం. చావుకి వచ్చే చుట్టం మంచివాడే. జబ్బునాడే వచ్చేవాడు ఇంకా మంచివాడు గదా!

ఇంటికొచ్చాక పెద్దాయన భార్య మనుమరాలిని చూపించారు. జడ ఇంకా భుజాలు దాటి అంతగా పెరగలేదు.

"తిరుపతికి మొక్కుకొన్న జుట్టండీ. సముద్రానికిచ్చేసింది, మళ్లీ పెంచుతోంది" అన్నారామె.

"స్వామి ఏమీ అనుకోడమ్మా" అన్నాను. అంతకంటే నాకు మాట రాలేదు.