కరువా? వయసా?

2012 ఆగస్టు 18. శనివారం. హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో వి.వి.ఎస్. లక్ష్మణ్ విలేకరుల ముందు కూర్చుని ఇక అంతర్జాతీయ క్రికెట్ ఆడనని చెప్పేశాడు. మరో అయిదు రోజుల్లో అదే స్టేడియంలో న్యూజిలాండ్‌తో టెస్టు. జట్టులో అతని పేరుంది. ఎవరూ తీసేయలేదు. సొంత ఊరు, సొంత జనం. ఆ ఒక్క మ్యాచ్ ఆడేసి, అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే బ్యాటు పైకెత్తి వెళ్లిపోతే ఎంత బాగుండేది!

ఆ సాయంత్రం మా కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర టీ కొట్లో ఇదే గొడవ. ‘అలిగినాడప్పా’ అన్నాడొకాయన. ‘ఎవరో పొమ్మనింటారులే’ అన్నాడు ఇంకొకాయన. వానల గురించి తప్ప వేరే మాట వినపడని ఆగస్టు నెలలో, మా ఊళ్లో ఒక క్రికెటర్ గురించి అంతసేపు మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

నాకు మాత్రం వేరే ప్రశ్న మెదిలింది. తన పని అయిపోయిందని ఒక మనిషికి ఎలా తెలుస్తుంది?

నేను సర్కారు బడి పంతుల్ని. మాకా బాధ లేదు. ఉద్యోగంలో చేరిననాడే ఆఖరి రోజు కూడా రాసి పెట్టేస్తారు. పైగా మా ప్రభుత్వం 2014లో ఆ వయసును 58 నుంచి 60కి, 2022లో 62కి జరిపింది. పాఠం చెప్పగలుగుతున్నానా లేదా అని నన్నెవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. జీవో వచ్చింది, ఉన్నాను. తేదీ వచ్చింది, దిగాను. ఆటగాడికి అలా కాదు. ముప్పై ఏడేళ్లకే ఆ లెక్క తనే వేసుకోవాలి.

ఆ లెక్క అంత సులువు కాదని లక్ష్మణ్ చివరి రెండేళ్లు చూస్తే అర్థమవుతుంది. 2010 అతనికి పంటల ఏడు. ఆగస్టులో కొలంబోలో 257 పరుగులు ఛేదించాల్సి ఉంటే, నడుం నొప్పితోనే 103 నాటౌట్. డిసెంబరులో డర్బన్‌లో బంతి ఎగిరెగిరి పడే పిచ్ మీద 96. రెండూ గెలిచాం. ఆ మధ్యలో, అక్టోబరులో మొహాలీ.

మొహాలీ గురించి కాస్త చెప్పుకోవాలి. ఆస్ట్రేలియా మీద లక్ష్యం 216. మనవాళ్లు 124కే 8 వికెట్లు పోగొట్టుకున్నారు. నడుం పట్టేసి లక్ష్మణ్ పరిగెత్తలేకపోతున్నాడు. రైనాను రన్నర్‌గా పెట్టుకున్నాడు. అవతల బౌలర్ ఇశాంత్ శర్మ. ఇద్దరూ కలిసి 81 పరుగులు జోడించారు. ఇశాంత్ అవుటయ్యాక ఓఝా వచ్చాడు. పరుగుకు రావడంలో అతను తడబడితే, ఎన్నడూ గొంతు పెంచి ఎరగని లక్ష్మణ్ మైదానం మధ్యలో అరిచేశాడు. నాకు అతని 281 కన్నా ఆ అరుపే ఎక్కువ గుర్తు. 2001 మార్చిలో కోల్‌కతాలో చేసిన ఆ 281 ఒక పెళ్లి ఊరేగింపు లాంటిది. మొహాలీ 73 అలా కాదు, ఎండిన బావిలోంచి చివరి బిందె తోడటమే. ఒక్క వికెట్ తేడాతో గెలిచాం.

మరుసటి ఏడు వాన ముఖం చాటేసింది. ఇంగ్లండ్‌లో నాలుగు టెస్టులకు నాలుగూ ఓడాం. లక్ష్మణ్ బ్యాటూ పెద్దగా మాట్లాడలేదు. అయిపోయిందనుకుంటే, నవంబరులో కోల్‌కతాలో వెస్టిండీస్ మీద 176 నాటౌట్! ఎప్పటిలాగే ఈడెన్ గార్డెన్స్. అదే అతని పదిహేడో సెంచరీ, చివరిదీ. వెంటనే ఆస్ట్రేలియా పర్యటన. ఆ పదిహేడింటిలో ఆరు కొట్టింది ఆస్ట్రేలియా మీదే కదా, ఇక చూస్కోండి అనుకున్నాం. ఎనిమిది ఇన్నింగ్స్‌లలో కలిపి 155 పరుగులు చేశాడు. మళ్లీ 0-4.

ఇక్కడే వస్తుంది చిక్కు. ఆ సిరీస్‌లో ద్రావిడ్, సచిన్‌ కూడా సెంచరీ కొట్టలేదు. మనవైపు నమోదైంది ఒకే ఒక్క సెంచరీ, అడిలైడ్‌లో కుర్రాడు కోహ్లి చేసిన 116. చేలన్నీ ఎండిన ఏడు, ఒక్క చేనును చూపించి ఈ భూమిలో సారం పోయిందని ఎలా చెప్పడం? అది కరువా? వయసా? రెండు నెలల కిందటేగా 176!

ఈ ప్రశ్న నాకు పత్రికల్లో దొరికింది కాదు, ఇంట్లో దొరికింది. మా నాయన వేరుశనగ రైతు. మాది వాన మీదే ఆధారపడ్డ ఎర్రనేల. ఏటా విత్తడమే మన చేతిలో ఉండేది. డెబ్బై దాటాక మేం అన్నదమ్ములం చేనిని కోరుకిచ్చేద్దామని చాలాసార్లు అడిగాం. ‘వాన పడకుంటే అది వాన తప్పు. నాదేముంది? వేసేది వేయల్ల’ అనేవాడు. ఎన్నేళ్లు పోయినా ఆ జవాబుకు ఎదురు చెప్పలేకపోయాం. పంట పోయిన ప్రతి ఏడూ ఆయన వైపు సాక్ష్యంగా ఆకాశం ఉండేది.

ఆ శనివారం రాత్రి లక్ష్మణ్ సంగతి చెబితే నాయనకు నచ్చలేదు. చేలో ఊడలు దిగే సమయం, వాన కోసం చూస్తున్నాం. ‘పేరు పిలిచినాక కూడా పోనంటే ఎట్లా? విత్తనాలు ఇంట్లో పెట్టుకోని విత్తనన్నట్టుంది’ అన్నాడు.

లక్ష్మణ్ తన కారణం చెప్పాడు. ఆ నాలుగు రోజులూ ఆలోచించానని, అంతరాత్మ మాట విన్నానని, కుర్రాళ్లకు సొంతగడ్డ మీద చోటివ్వడానికి ఇదే సమయమనీ అన్నాడు. 134 టెస్టులు, 8,781 పరుగులు. ఒక్క ప్రపంచ కప్ మ్యాచ్ కూడా ఆడకుండానే ముగిసింది. ఉప్పల్ టెస్టులో పుజారా 159 కొట్టాడు, మనం ఇన్నింగ్స్ తేడాతో గెలిచాం. మరుసటి ఏడాది అదే ఆస్ట్రేలియా మన దేశానికొచ్చి 4-0తో ఓడి వెళ్లింది. ఆ సిరీస్‌లో లక్ష్మణ్ ఉంటే ఓ సెంచరీ పడేదేమో! పడేదనే నేనిప్పటికీ అనుకుంటాను. అయినా అతను ఆగింది సరైన చోటేనని కూడా అనుకుంటాను. ఈ రెండు మాటలూ పొసగవని మా పెద్దోడు వాదిస్తాడు. వాదించనీ.

నాయన ఇంకో మూడేళ్లు విత్తాడు. మూడో ఏడు మా చేనికి వాన సమయానికి పడింది. చాలా కాలం తర్వాత కాయ బాగా దిగింది. అందరం సంతోషంగా ఉన్న ఆ సంక్రాంతికి ఎద్దుల్ని అమ్మేస్తున్నానన్నాడు. మేం బిత్తరపోయాం. పండిన ఏడు మానేయడమేమిటి?

‘కాయ సంగతి కాదురా. ఈ తూరి గొర్రు పట్టినప్పుడు సాలు వంకర పోయింది. కన్ను ఆనడంలేదు. నేను ఎద్దుల్ని తోలడంలేదు, అవే నన్ను ఈడుస్తాండాయి.’

ఆ మాట విన్నాక నాకు అడిలైడ్ గుర్తొచ్చింది. స్కోరు బోర్డు చెప్పనిది ఏదో లక్ష్మణ్‌కూ క్రీజులో తెలిసే ఉంటుంది. బంతి బ్యాటు మీదికి అరక్షణం ముందు వస్తోందనో, పాదం రావలసిన చోటికి రావడం లేదనో. అది మనకు టీవీలో కనపడదు. సెలెక్టర్లకూ కనపడకపోవచ్చు.

ఆట మానాక లక్ష్మణ్ మైదానం వదల్లేదు. 2021 డిసెంబరులో బెంగళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీ బాధ్యత తీసుకున్నాడు. మా నాయనా చేను వదల్లేదు. కోరుకిచ్చిన మొదటి ఏడు, పదును వాన పడ్డ తెల్లారే గట్టు మీద కూర్చున్నాడు. ట్రాక్టరు విత్తుకుంటూ పోతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, ‘సాళ్లు మరీ దగ్గర దగ్గర పడతాండాయి, చెప్పుపోరా వానికి’ అని నన్ను తరిమాడు. కన్ను ఆనడం లేదన్న మనిషి!