చితి ఉంది, చిరునామా లేదు

సిరిసిల్ల నుంచి వేములవాడ మీదుగా కోరుట్ల, అక్కడి నుంచి జగిత్యాల. ఈ దారిలో చూడదగ్గ గుళ్లున్నాయి, కోట ఉంది, మగ్గాలున్నాయి. నేను వెతికింది వేరు. ఈ ప్రాంతం నుంచి అసెంబ్లీకి, పార్లమెంటుకు వెళ్లినవాళ్లు, న్యాయపీఠం మీద కూర్చున్నవాళ్లు చివరికి ఏ మట్టిలో కలిశారో తెలుసుకోవాలని బయల్దేరాను. అమెరికాలో ఇది వింత ప్రశ్న కాదు. అక్కడ ఒక్కో కౌంటీలో పుట్టి పెరిగిన సెనేటర్లు, జడ్జీలు ఏ శ్మశానంలో ఉన్నారో జాబితాలు కట్టి పెట్టారు. రాయి మీద పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు ఉంటాయి. చరిత్ర రాసేవాడికి ఆ రాయే మొదటి సాక్ష్యం. మన దగ్గర గోరి అన్న మాట ముస్లింల వాడల్లోనో, బొందలగడ్డ దగ్గరో వినిపిస్తుంది గాని నాయకుడి పేరు పక్కన వినిపించదు. నాయకుడిది చితి, చితి తెల్లారేసరికి బూడిద. దీనివల్ల ఊరికి ఒక నష్టం జరిగిందని, అది దహనాచారం చేసిన నష్టం కాదని, మనం రాసుకోకపోవడం వల్ల వచ్చిందని ఈ దారి పొడవునా నాకు బలపడుతూ వచ్చింది.

సిరిసిల్ల నుంచే మొదలుపెట్టాలి. ఇక్కడి రాజకీయ జీవితం మరమగ్గాల కంటే పాతది. 1935లో నాలుగో ఆంధ్ర మహాసభ మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన ఈ ఊళ్లోనే జరిగింది. నిజాం పాలనలో తెలుగువాడు తెలుగులో సభ పెట్టుకోవడమే ఒక సాహసం. ఆ తరం నుంచి వచ్చినవాడే బద్దం ఎల్లారెడ్డి. ఆయన ఊరు గాలిపెల్లి, నేటి ఇల్లంతకుంట మండలంలో ఉంది. కరీంనగర్ జిల్లాలో కమ్యూనిస్టు పార్టీని నిలబెట్టినవాళ్లలో మొదటి వరసలో ఉన్నాడు, 1952లో కరీంనగర్ నుంచి లోక్‌సభకు వెళ్లాడు. ఆయన పేరు నేడు ఎక్కువగా పలికేది కరీంనగర్‌లో సీపీఐ కార్యాలయాన్ని బద్దం ఎల్లారెడ్డి భవన్ అని పిలిచేటప్పుడు. ఒక మనిషి ఒక భవనం పేరైపోయాడు. పిలిచేవాళ్లకు భవనం తెలుసు, గాలిపెల్లి తెలియకపోవచ్చు. పార్టీ ఆయన పేరును కాపాడింది, అందుకు దానికి మెచ్చుకోలు దక్కాలి. కాని పార్టీ కాపాడేది పార్టీకి పనికొచ్చే భాగాన్ని. ఊరు కాపాడుకోవాల్సిన భాగం మిగిలే ఉంది.

వేములవాడ పక్కనే మారుపాక. చెన్నమనేని రాజేశ్వరరావు ఊరు అది. 1923లో పుట్టి, కమ్యూనిస్టుగా మొదలై తర్వాత తెలుగుదేశంలోకి వచ్చి, మొత్తం ఆరుసార్లు శాసనసభకు గెలిచిన మనిషి. 2016 మే 9న హైదరాబాద్‌లో చనిపోయారు. ఇక్కడే అసలు చిక్కు కనిపిస్తుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. పెద్ద ఆసుపత్రులు హైదరాబాద్‌లో ఉన్నాయి గనుక పెద్దవాళ్ల చివరి శ్వాస అక్కడే, సర్కారు పుస్తకంలో పేరెక్కేదీ అక్కడే. పుట్టిన ఊరి పంచాయతీ పుస్తకంలో ఆ మరణానికి చోటు లేదు. సమాధి లేని సమాజంలో కనీసం పుస్తకమైనా సాక్ష్యం చెప్పాలి. ఆ పుస్తకం కూడా ఊరికి దక్కకుండా పోయింది. ఊరి నుంచి శరీరమూ పోయింది, కాగితమూ పోయింది.

ఉమ్మడి కరీంనగర్ దేశానికిచ్చిన అతి పెద్ద పేరు, మాజీ ప్రధాని పి.వి. నరసింహారావు సంగతి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. లక్నేపల్లిలో పుట్టి వంగరకు దత్తత వచ్చి, 1957 నుంచి ఇరవై ఏళ్లు మంథని ఎమ్మెల్యేగా ఉన్న మనిషి 2004 డిసెంబర్ 23న ఢిల్లీలో కన్నుమూశారు. ఢిల్లీలో ప్రధానులకు యమునా తీరాన ఘాట్లున్నా ఆయన దహనం అక్కడ జరగలేదు. డిసెంబర్ 25న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగింది, ఆ చోటే నేటి పీవీ జ్ఞానభూమి. ఢిల్లీలో ఆయన పేరున స్మారకం వెలిసింది 2015లో. చితి కాలిన చోటు ఒకటి, దేశం గుర్తించిన చోటు మరొకటి, ఊరు ఇంకొకటి. ఏ చోట గుర్తు పెట్టాలన్నది ఆ రోజు అధికారంలో ఉన్నవాళ్ల చేతిలో ఉంటే గుర్తు పదేళ్లు ఆలస్యం కావచ్చు, అసలు రాకపోనూవచ్చు. ప్రధానికే ఇట్లయితే ఒక తాలూకా ఎమ్మెల్యే మాట ఏమని చెప్పాలి?

వేములవాడ దాటి చందుర్తి, రుద్రంగి మీదుగా కోరుట్లకు పోయే దారిలో నియోజకవర్గాల హద్దులు కంటికి కనపడవు. కాని ఈ హద్దుల మార్పే మరపుకు రెండో కారణం. 2009లో పునర్విభజన అమలైనప్పుడు మెట్‌పల్లి, బుగ్గారం, నేరెళ్ల నియోజకవర్గాలు మాయమై కోరుట్ల, ధర్మపురి, వేములవాడ వచ్చాయి. 2016 అక్టోబర్ 11న కరీంనగర్ జిల్లాయే ముక్కలై జగిత్యాల, రాజన్న సిరిసిల్ల పుట్టాయి. వంగర ఉన్న మండలం వరంగల్ అర్బన్‌లోకి పోయింది, 2021లో ఆ జిల్లా పేరు హనుమకొండ అయింది. బుగ్గారం నుంచి గెలిచి దేవాదాయ మంత్రి అయిన జువ్వాడి రత్నాకర్‌రావు 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, పోయారు. ఆయన గెలిచిన నియోజకవర్గం ఆయన కంటే పదకొండేళ్లు ముందే చచ్చిపోయింది. నియోజకవర్గం పేరుతో, జిల్లా పేరుతో మనిషిని గుర్తుపెట్టుకునే పద్ధతి ఇందుకే నిలవదు. నిలిచేది ఊరి పేరొక్కటే.

న్యాయమూర్తుల విషయంలో లోటు ఇంకా లోతైనది. అమెరికా కౌంటీ జడ్జిని చాలా చోట్ల ఆ ఊరివాళ్లే ఎన్నుకుంటారు, అందుకే ఆయన ఆ ఊరి శ్మశానంలోనే ఉంటాడు. మన జడ్జి బదిలీ మీద వచ్చి బదిలీ మీద పోతాడు, సొంత తావులో పోస్టింగు ఇవ్వకపోవడమే ఆనవాయితీ. నిష్పక్షపాతానికి అది మంచి నియమం, దాన్ని తప్పుపట్టను. కాని దాని ఫలితంగా ఏ పట్టణానికీ తనదనుకునే జడ్జి లేడు. ఒక్క ఖాజీకే ఊరితో ఆ బంధం ఉండేది. నిజాం కాలంలో ఆ పదవి వంశంలో నడిచింది గనుక ఆ కుటుంబాలు పట్టణాన్ని అంటిపెట్టుకున్నాయి, తీర్పు చెప్పిన మనిషీ తీర్పు విన్న మనిషీ ఒకే ఖబ్రస్తాన్‌కు చేరే వీలుండేది. సమాధి ఉన్నచోట న్యాయం చెప్పినవాడికి ఒక చిరునామా ఉంటుంది. హైకోర్టు దాకా ఎదిగిన మన పల్లె పిల్లలకు అది కూడా లేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. శరీరం పంచభూతాల్లో కలిసిపోవాలనేదే మన ధర్మం, గుర్తు పెట్టడం పరాయి అలవాటు అంటారు. తెలంగాణ మట్టి ఈ మాటను ఒప్పుకోదు. ఊరి పొలిమేరల్లో వీరగల్లులున్నాయి, తలను అర్పించుకున్నవాళ్ల శిల్పాలున్నాయి. లింగాయతులు పూడ్చిపెడతారు, జంగాలు పూడ్చిపెడతారు, దళితుల్లో, వెనుకబడిన కులాల్లో బొంద తవ్వే ఆచారం విస్తారంగా ఉంది. వేములవాడ రాజన్న గుడి ఆవరణలోనే దర్గా ఉంది, కోడె మొక్కు తీర్చుకున్నవాళ్లు అక్కడా మొక్కుతారు. గుర్తు పెట్టుకోవడం ఈ నేలకు కొత్త కాదు. దహనం చేసే కులాల నుంచి ఎక్కువమంది నాయకులు వచ్చారు గనుక నాయకులకు సమాధి లేకుండా పోయింది, అంతే.

విగ్రహాలున్నాయి కదా అనేవాళ్లూ ఉంటారు. ఉన్నాయి. కాని విగ్రహం కింది ఫలకంలో ఆవిష్కరించినవాళ్ల పేర్లు బారుగా ఉంటాయి, విగ్రహంలోని మనిషి పుట్టిన తేదీ, పోయిన తేదీ, చితి పేర్చిన చోటు వెతుక్కోవాలి. విగ్రహం చెప్పేది కట్టినవాళ్ల కాలం గురించే ఎక్కువ. అన్నిటికంటే బరువైన అభ్యంతరం సిరిసిల్ల నేతకార్మికుడిది. అప్పులకు, ఆకలికి ఉరేసుకున్న మగ్గం కార్మికులు ఎంతోమంది ఉన్న ఊరిని పత్రికలు ఉరిసిల్ల అని రాసిన రోజులున్నాయి. వాళ్లకు లేని రాయి ఎమ్మెల్యేకు ఎందుకు? ఈ ప్రశ్న ముందు నేను తలవంచుతాను. రాయి లేనిది వాళ్లకొక్కరికే కాదు. మధ్యమానేరు జలాశయం కింద చీర్లవంచ, కొదురుపాక, చింతల్‌ఠాణా, అనుపురం లాంటి ఊళ్లు మునిగినప్పుడు ఆ ఊళ్ల బొందలగడ్డలూ నీళ్ల కిందికి పోయాయి. అక్కడి తాతముత్తాతల గుర్తులకు ఏ పరిహారమూ సరిపోదు. అందుకే నేను అడుగుతున్నది నాయకుడికి ప్రత్యేకమైన స్థలం కాదు. పల్లె ప్రగతి కార్యక్రమంలో 2019 నుంచి ఊరూరా వైకుంఠధామాల పేరుతో శ్మశానవాటికలు కట్టారు. ప్రతి వైకుంఠధామంలో ఒక పుస్తకం ఉండాలి. ఊరివాళ్లు ఎక్కడ పోయినా, ఎక్కడ కాలినా, ఎక్కడ పూడ్చినా, పేరు, తేదీ, చోటు అందులో ఎక్కాలి. నేతన్న పేరు పక్కనే మంత్రి పేరు, ఒకే గీతలో, ఒకే అక్షరంతో. చనిపోయిన చోటే నమోదు చేయాలన్న చట్టానికి ఇది అడ్డు రాదు, ఇది ఊరి సొంత చిట్టా.

జగిత్యాల చేరేసరికి, పేరు రాసిపెట్టాలన్న నా వాదనకు ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. ఈ తాలూకాల్లో తేదీతో, పేర్లతో మరణాన్ని చాటిన కట్టడాలు ఎమ్మెల్యేలవి కావు, నక్సలైట్ల ఎర్ర స్థూపాలు. 1978 సెప్టెంబర్‌లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది, ఆ అక్టోబర్‌లోనే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో కట్టిన స్థూపాలు కొన్ని కూల్చారు, కొన్ని మళ్లీ లేచాయి. వాళ్ల రాజకీయాలను ఒప్పుకోనివాళ్లు కూడా ఒక మాట ఒప్పుకోవాలి: చనిపోయినవాడి పేరు, ఊరు, తేదీ రాయి మీద చెక్కాలన్న పట్టుదల వాళ్లకుంది. ఆ పోరులోనే 1999లో నక్సలైట్ల చేతిలో హతమైన మాజీ స్పీకర్ దుద్దిళ్ల శ్రీపాదరావు కుటుంబానికీ, స్థూపం మీద పేరెక్కిన యువకుడి కుటుంబానికీ దుఃఖం ఒకటే. రెండు మరణాలూ ఒకే పుస్తకంలో ఉండదగినవే.

జగిత్యాల నుంచి జాతీయ రహదారి 63 మీద ధర్మపురి చేరుకుంటే గోదావరి. లక్ష్మీనరసింహస్వామి ఆలయ ప్రాంగణంలో యముడికి గుడి ఉంది. ధర్మపురికి వస్తే యమపురి ఉండదని జనం నమ్మిక. చనిపోయినవాళ్లకు తీర్పు చెప్పే ఆ న్యాయమూర్తి పక్కన చిట్టా రాసే చిత్రగుప్తుణ్ణి కూడా మన పెద్దలు ఊహించుకున్నారు. తీర్పు కంటే ముందు రాత ఉండాలని వాళ్లకు తెలుసు. ఇక్కడి రేవుల్లో కలిపిన అస్థికలు ఏ కులానివైనా ఒకే నీళ్లలో కిందికి సాగుతాయి. ఆ నీళ్లు చేరే ఎల్లంపల్లి ప్రాజెక్టుకు ఉన్నది శ్రీపాదరావు పేరే. శ్రీపాద ఎల్లంపల్లి అని రోజూ పలికే మనిషికి ఆ పేరు వెనకున్న ఊరు ధన్వాడ అని, ఆయన హతమైన ఏడు 1999 అని గేట్ల దగ్గర ఒక్క రాయి చెబితే చాలు.