గుంజుట, ఈడ్చుట, పెరుకుట

పరభాష నేర్చువారికి నామవాచకములు వేగముగా పట్టువడును. క్రియలు అట్లు పట్టువడవు. ఎద్దును ఆంగ్లమున ఏమందురో ఒక్కమారు చెప్పిన చాలును. ఆ యెద్దు పలుపును తటాలున లాగినదా, మెల్లగా ఈడ్చుకొనిపోయినదా, మెడ విదిలించుకొన్నదా యను భేదమును చెప్పవలసివచ్చినపుడు మా విద్యార్థులందరును ‘పుల్’ అను ఒక్క మాటనే శరణు జొత్తురు. తెనుగు చెప్పు మేము ఆంగ్లక్రియలను గూర్చి వ్రాయుట వింతగా తోచవచ్చును. అనువాదములోని తెనుగును దిద్దునది మేమే గదా!

ఆంగ్లేయులు లాగుటలోని తీరును క్రియలోనే ఇమిడ్చి చెప్పుదురు. నేలను రాచుకొనుచు వచ్చునట్లు లాగిన ‘డ్రాగ్’. బరువును బలము కొలది లాగిన ‘హాల్’. చెడిన బండిని మరియొక బండికి కట్టి లాగిన ‘టో’. చేతిలోనిది లాగుకొని పోయిన ‘స్నాచ్’. మెలిపెట్టి ఊడలాగిన ‘రెంచ్’. ఒక్క పెట్టున లాగి విడిచిన ‘జెర్క్’. పదునారవ శతాబ్దమున ‘జెర్క్’ అనగా కొరడాదెబ్బ. ఆ చురుకు నేటికిని దానిని వదలలేదు. భౌతికశాస్త్రజ్ఞులు త్వరణము మారు రేటునకు ఈ పేరే పెట్టిరి. హుమ్నాబాదు బస్సులో నిలువబడి ప్రయాణము చేయు పిల్లలకు దానిని వేరుగా బోధింపనక్కరలేదు. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో కరణం మల్లేశ్వరి ‘స్నాచ్’ నందు 110 కిలోలును, ‘క్లీన్ అండ్ జెర్క్’ నందు 130 కిలోలును ఎత్తి, మొత్తము 240 కిలోలతో కాంస్యపతకము గెలుచుకొనెను. అచ్చట ‘జెర్క్’ అనగా లాగుట కానే కాదు. భుజములపై నున్న బరువును ఒక్క ఊపున తలపైకి ఎత్తుట. ఆ మాటకు ప్రాణము దిక్కులో లేదు, ఆకస్మికతలో ఉన్నది.

తెనుగున ఇట్టి క్రియలు లేవా? బావినుండి నీరు చేదుదుము, ఒరనుండి కత్తి దూయుదుము, మొద్దును ఈడ్చుదుము, మొక్కను వేరుతో పెరుకుదుము. నీటికిని కత్తికిని ఆంగ్లేయులకు ‘డ్రా’ యే దిక్కు. మీద వ్రాలిన పురుగును మనము విదిలింతుము. దానికి వారికి రెండు మాటలు కావలెను. నడచి నడచి కాళ్లు పీకునపుడు ఆ పీకువాడెవ్వడో ఏ వైయాకరణుడు చెప్పగలడు? అయినను, తీరును చెప్పవలసినచోట మనము తరచుగా క్రియను మార్పము. దాని ముందొక చిన్న మాటను నిలుపుదుము. చటుక్కున, గభాలున, దిగ్గున, చివాలున. ఇవియు ఒకదానికి బదులొకటి చెల్లవు. దిగ్గున లేచుట యుండును గాని దిగ్గున పండుకొనుట యుండదు. కావున ‘జెర్క్’ నకు ఒంటిమాట వెదకి వేసారుటకంటె ‘చటుక్కున లాగు’ అనుటయే మేలని మా మతము.

ఇక మా చిట్గుప్ప సంగతి. బీదరు జిల్లా 1956 అక్టోబరు ముగియువరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. పిదప మైసూరు రాష్ట్రమున చేరినది. ఆ రాష్ట్రమునకు 1973లో కర్ణాటక మను పేరు వచ్చినది. పేర్లు మారినను అంగడి మారలేదు. కన్నడము, ఉర్దూ, మరాఠీ, తెనుగు ఒక్కచోటనే వినబడును. తాడు లాగు పందెమును కన్నడిగులు హగ్గజగ్గాట యందురు, ఉర్దూవారు రస్సాకషీ యందురు, మరాఠీవారు రస్సీఖేచ్ అందురు. ఈ ‘కషీ’ పారసీకమున లాగుటను తెలుపు ‘కషీదన్’ నుండి వచ్చినది. బీదరు పనివారు నల్లని లోహముపై వెండితీగను పొదుగు పనికి తార్‌కషీ యని పేరు. అనగా తీగ లాగుట. మనసును లాగునది కషిష్. మన ‘ఆకర్షణ’ లోని ‘కృష్’ ధాతువునకును లాగుట, దున్నుట అని అర్థములు. కర్షకుడు దానినుండియే పుట్టెను. ట్రాక్టరు లాటినున లాగుటను తెలుపు ధాతువునుండి పుట్టినది. కర్షకుడును ట్రాక్టరును అర్థమున ఇంత దగ్గరివారని చెప్పినపుడు తరగతి యంతయు నవ్వినది.

మొన్నటి పరీక్షలో ఒక బాలుడు ‘ఎద్దు పలుపును జగ్గెను’ అని వ్రాసెను. జగ్గుట కన్నడము. తెనుగు పత్రమున అది చెల్లదు. పబ్లిక్ పరీక్షలో దిద్దువారు దానిపై నిర్దాక్షిణ్యముగా గీత గీయుదురు. కాని ‘లాగెను’ అనుమాట చాలదని ఆ బాలుడు గ్రహించెను. తరగతిలో మిగిలినవారు గ్రహింపలేదు. మేము ప్రక్కన ‘గుంజెను’ అని వ్రాసి, మార్కు తగ్గింపక విడిచితిమి. ‘గుంజెను గ్రామ్యము కాదా?’ యని తోటి ఉపాధ్యాయులొకరు అడిగిరి. 2014 విభజనకు పూర్వము మేము ఆంధ్రప్రదేశమున బోధనశిక్షణ పొందునాడును, గోదావరి తీరపు మిత్రులు ఈ మాటకు నవ్వెడివారు. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువున గుంజు కలదు. నిజాము సీమలో ప్రతి యింటను కలదు. ఇంటనున్న మాటను బడి గడపవద్ద విడిపించినచో, సరిహద్దు పిల్లవాడు పొరుగుభాష మాటను గాక మరేమి పట్టుకొని లోనికి వచ్చును?

ఈ యేడు తొమ్మిదవ తరగతివారిచే ఐదు గడుల పట్టిక వ్రాయించుచున్నాము. ఆంగ్లము, తెనుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ. పెద్దలనడిగి మాటలు తెచ్చుట పిల్లల పని. ‘ఫ్లించ్’ ఎదుట తెనుగు గడి యింకను ఖాళీగా నున్నది. జంకుట యని యొక బాలిక, ముడుచుకొనుట యని మరియొక బాలిక పట్టుబట్టి కూర్చున్నారు.